శబ్దంలో అన్న మాట

మా చెల్లెలు అరవై నాలుగో ఏట పెళ్లి చేసుకుంటున్నానని చెప్పినప్పుడు నేను బఠానీలు ఒలుస్తున్నాను.

"ఈ సోమవారం కాక పై సోమవారం అక్కా. రిజిస్టరు ఆఫీసులో సంతకాలు. అంతే, హంగామా ఏమీ లేదు."

"ఎవరితో?" అన్నాను, తెలిసి కూడా.

"ఇంకెవరున్నారు? ఫిట్టర్‌తో."

కాసేపటికి అది నా చెయ్యి పట్టుకుని ఆపింది. నేను గింజలు చెత్తబుట్టలో, తొక్కలు గిన్నెలో వేస్తున్నానట. బుట్టలోంచి గింజలు ఏరి, రెండుసార్లు కడిగి, పొయ్యి మీద పెట్టింది. రాత్రికి అవే తిన్నాం.

ఆ రోజు నుంచి నాకు ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. పన్ను పీకే ముందు సూది పొడిస్తే పెదవి ఉందో లేదో తెలియదు చూడండి, అలాంటిదేదో మనిషంతటికీ పట్టింది. టీ కాలుతోందని నాలుక బొబ్బెక్కాక తెలిసేది. పుస్తకం తెరిస్తే సాయంత్రం దాకా అదే పేజీ. కళ్లు అక్షరాల మీదే ఉండేవి, నేను మాత్రం అక్కడ ఉండేదాన్ని కాదు.

మాది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. నా కాపురం మూడేళ్లే. ఒక పొద్దున ఆయన గడ్డం గీసుకునే సామాను సంచిలో పెట్టుకుని "ఇప్పుడే వస్తా" అని వెళ్లాడు. బ్రష్షు తడి కూడా ఆరలేదు. అలాగే సంచిలో వేసుకున్నాడు. ఆ మరుసటి నెల చెల్లెలు నాతో ఉండటానికి వచ్చింది. అప్పటి నుంచి ముప్పై తొమ్మిదేళ్లు. ఇంటికొచ్చిన వాళ్లెవరైనా వెళ్తూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే నాకు గుండె దడ. మీటరు చూడటానికి వచ్చిన మనిషైనా సరే.

"నువ్వూ వచ్చెయ్ అక్కా" అంది చెల్లెలు. ఫిట్టర్‌ది ఒంటి గది. రెండు బస్సులు మారి వెళ్లాలి. అందులో మంచం పడితే మనిషి పట్టడు. అది మాట వరసకు అంది, నేనూ మాట వరసకే "చూద్దాంలే" అన్నాను.

నేను దానితో అనవలసింది ఒక్కటే మాట. పోకు. పది రోజులుగా ఆ మాట నోటిదాకా వస్తోంది, వెనక్కి పోతోంది. స్నానాల గదిలో కొళాయి తిప్పి, ఆ చప్పుడులో అని చూసుకున్నాను. తలుపు తీసేసరికి అది తువ్వాలు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉండేది. "నీళ్లు చల్లగా ఉన్నాయి" అనేదాన్ని. "ఎండాకాలం చల్లటి నీళ్లు వస్తే సంతోషించాలి" అనేది.

ఇలా ఉండగా ఫిట్టర్ మూడు టికెట్లు తెచ్చాడు. ఆయన మేనకోడలు స్టేడియంలో జనానికి కుర్చీలు చూపించే పనిలో ఉంది.

"పాత ఇనుము వాళ్లు వస్తున్నారు" అన్నాడు గుమ్మంలోనే నిలబడి. "ఇదే ఆఖరిసారట. శనివారం, మధ్యాహ్నం మూడింటికి."

"రాక్ బ్యాండు మధ్యాహ్నం పూట పాడటమేంటి?" అంది చెల్లెలు.

"వాళ్లకీ డెబ్బై దాటాయి. చీకటిపడితే మెట్లు కనపడవేమో."

"ఆ పేరు సరదాకి పెట్టుకున్నారు, చివరికి నిజం చేశారు."

"నువ్వేదో కొత్త రేకువైనట్టు."

"లోపలికి రా ఫిట్టరూ, గుమ్మంలో నిలబడి ఎంతసేపు వెటకారం చేస్తావ్?"

ఆయన లోపలికి వచ్చి నావైపు తిరిగాడు. "వదినగారూ, మీరు కూడా రావాలి." ఆ పిలుపు కొత్తది. నాకంటే ఏడాది పెద్దవాడై ఉండీ మొన్నటిదాకా అక్కగారూ అనేవాడు. దేనికీ అదిరిపడని మనిషి. మాట్లాడుతుంటే ఇప్పటికీ చేతిలో పానా ఉన్నట్టే వేళ్లు తిప్పుతాడు.

వస్తానన్నాను. అక్కడైతే అనగలనని అప్పుడే తట్టింది. ఎందుకు తట్టిందో చెప్పాలంటే మా మరమగ్గాల షెడ్డు సంగతి చెప్పాలి.

ముప్పై ఏళ్లు మేమిద్దరం ఒకే షెడ్డులో నేశాం, అక్కడి మగ్గాలు బాగుచేసేది ఫిట్టరే. నూట ఇరవై మగ్గాలు ఒకేసారి కొట్టుకుంటుంటే పక్కమనిషి చెవిలో అరిచినా వినపడదు. అందుకని ఆడవాళ్లం పెదాలతో మాట్లాడుకునేవాళ్లం. గొంతు కలపం. మాటను పెదాల మీద సాగదీసి, చేతుల్ని సాయం తీసుకుంటాం. నాలుగు వరుసల అవతలి మనిషితో కూర మాడిందని చెప్పుకోవచ్చు, అత్తను తిట్టుకోవచ్చు. సూపర్‌వైజరు మా మధ్యలోంచే నడిచిపోయేవాడు, మేం నవ్వుకునేది తన పొట్ట గురించేనని తెలియక. ముఖం తిప్పుకుంటే మాట అయిపోయినట్టు.

దానికో కట్టుబాటు ఉండేది. శబ్దంలో అన్న మాట శబ్దంలోనే వదిలెయ్యాలి. మగ్గాలు ఆగాక, గేటు బయట, ఇందాక అలా అన్నావేంటని ఎవరూ ఎవరినీ అడగకూడదు. అడిగిన మనిషికి నెల రోజులు ఎవరూ ముఖం ఇచ్చేవారు కారు. ఆ కట్టుబాటు లేకపోతే అంతమందిమి అన్నేళ్లు ఆ రేకుల కింద కలిసి పనిచేసేవాళ్లమే కాదు.

క్యాంటీన్లో ఒక టేప్ రికార్డరు, అందులో ఎప్పుడూ పాత ఇనుము క్యాసెట్టు. మళ్లీ మగ్గం దగ్గరికి వచ్చాక చెల్లెలు ఆ పాటలు పెదాలతో పాడేది. రెండు వరుసల అవతల నుంచి నేను చూసేదాన్ని. షెడ్డులో దానికి రేడియో అని పేరు. నాకు బ్రేకు అని. ఎవరు ఎటు బయల్దేరినా వానొస్తుందేమో, బస్సు ఉండదేమో అని ఆపేదాన్నట. నేను చదవడం నేర్చుకుంది కూడా ఆ క్యాసెట్టు పెట్టెలో మడిచిపెట్టిన పాటల కాగితం మీదే. పాట చెల్లెలి పెదాల మీద తెలుసు, కాగితం మీద తెలియదు. రెండూ జతచేసుకుంటూ ఒక్కో అక్షరం పట్టుకున్నాను. ఆ తర్వాత చేతికందిందల్లా చదివాను.

ముప్పై ఆరేళ్ల కిందట పాత ఇనుము వాళ్లు మా ఊరు వచ్చారు. ఫిట్టర్ రెండు టికెట్లు తెచ్చి చెల్లెల్ని అడిగాడు. అది బట్టలు ఇస్త్రీ చేసుకుంది, జుట్టు రెండుసార్లు దువ్వి రెండుసార్లు చెరిపింది. చెప్పుల పట్టీ పెట్టుకుంటుంటే నాకు ఊపిరి ఆడలేదు. "భయంగా ఉంది, పోకు" అన్నాను. అబద్ధం కాదు, నిజంగానే ఆడలేదు. కానీ అది చెప్పులు విప్పగానే ఆడింది. ఆ సంగతి నాకూ తెలిసింది, దానికీ తెలిసింది. ఇద్దరం ఆ ఊసు ఎత్తలేదు. కచేరీ అయ్యేదాకా ఫిట్టర్ అక్కడి గేటు దగ్గరే నిలబడ్డాడని తర్వాత షెడ్డులో చెప్పుకున్నారు. ఆయన మళ్లీ అడగలేదు. ఎవరినీ చేసుకోనూ లేదు.

అందుకే ఇంట్లో ఆ మాట నోరు దాటడం లేదు. గొంతుతో అంటే చెల్లెలు ఆగిపోతుంది. అలా ఆపేశానని మళ్లీ నలుగురికీ తెలుస్తుంది, మొదట నాకే తెలుస్తుంది. స్టేడియంలో, ఆ హోరులో అంటే శబ్దంలో అన్న మాట అవుతుంది. అది ఒప్పుకుంటే నా పంట పండినట్టు. లేదంటే ఎవరూ ఏమీ అననట్టు. నా లెక్క అది.

శనివారం రెండింటికే వెళ్లాం. గేటు దగ్గర సంచులు చూసే అమ్మాయి నా సంచిలోంచి గొడుగు, స్వెటరు, రెండు రకాల మాత్రలు, టార్చిలైటు, ఇంటి మారు తాళంచెవి బయట పెట్టింది.

"మామ్మగారూ, పాటకి వచ్చారా, కాపురానికి వచ్చారా?"

"మా అక్క కూరగాయలకి వెళ్లినా ఇంతే" అంది చెల్లెలు.

ఆ అమ్మాయి మా ముగ్గురికీ చెవుల్లో పెట్టుకోవడానికి దూది బిళ్లలు ఇచ్చింది. చెల్లెలికి నవ్వాగలేదు. "ముప్పై ఏళ్లు ఆలస్యంగా ఇచ్చావు తల్లీ. ఆ చెవులు ఎప్పుడో పనికి రాజీనామా ఇచ్చాయి."

మా కుర్చీలు స్టేడియం మూలలో, వరుస వంపు తిరిగే చోట ఉన్నాయి. నేను బయటికి పోయే మెట్ల పక్క కుర్చీ కావాలన్నాను, ఏదైనా అయితే ముందు లేవచ్చని. వాళ్లిద్దరికీ వంపు అవతల, ఎనిమిది కుర్చీల దూరంలో దొరికాయి. దాంతో చెల్లెలి ముఖం నాకు సూటిగా కనపడుతోంది. షెడ్డులో రెండు వరుసల ఎడం ఎంతో ఇంచుమించు అంతే. కుర్చీల కింద సిమెంటు మీద పాత నంబర్లు, వాటిమీద కొత్త నంబర్లు. నాది పద్నాలుగో, నలభై ఒకటో తేలలేదు. ఎవరైనా వచ్చి లెమ్మంటారేమోనని మొదటి పాట దాకా సగం కుర్చీలోనే కూర్చున్నాను.

మూడుంపావుకి వాళ్లు వచ్చారు. ఐదుగురు ముసలివాళ్లు. పాడే అతను నల్ల కోటు వేసుకుని, మెట్ల పక్క కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టుకీ రెండు పాదాలూ ఆన్చి ఎక్కాడు. జనం లేచి నిలబడ్డారు. నేనూ లేచాను. నలభై ఏళ్లు ఎదురుచూసిన మనుషులు ఎదురుగా ఉన్నారు, నా ఒంట్లో ఏదైనా కదులుతుందేమోనని చూసుకున్నాను. ఏమీ కదల్లేదు. గిటారు మోగింది, డ్రమ్ములు మొదలయ్యాయి. ఆ దెబ్బ చెవికి కాదు, పక్కటెముకలకు తగిలింది. పాట ఏదో కూడా పోల్చుకోలేదు. పెద్ద తెర మీద అతని నోరు చూసి, ఓహో ఇదా అనుకున్నాను. పక్కనున్న పెద్దాయన కళ్లజోడు తీసి ఏడుస్తున్నాడు. నేను ఆయన కళ్లజోడు కింద పడుతుందేమోనని చూస్తున్నాను.

మొదటి పాట అయ్యాక అతను మైకు పక్కకి వంచి డ్రమ్ముల మనిషితో ఏదో అన్నాడు. తెర మీద నోరు ఇంటి తలుపంత ఉంది. "మోకాలు పట్టేసింది, ఎగరాల్సిన పాట వద్దు." నేను చదివేశాను. వంపు అవతల చెల్లెలు కూడా చదివేసి నావైపు చూసి కన్ను గీటింది. ఆ సమయానికి ఫిట్టర్ వంగి బూటు తాడు కట్టుకుంటున్నాడు. ఇరవై వేలమంది ఉన్నారేమో అక్కడ. ఆ మాట తెలిసింది మా ఇద్దరికే అనుకున్నాను.

మూడో పాట మధ్యలో, డ్రమ్ములు బాగా ఎత్తుకున్నాక, చెయ్యి ఊపి చెల్లెల్ని పిలిచాను. అది ముఖం ఇటు తిప్పింది.

"పోకు" అన్నాను, గొంతు లేకుండా.

అది అర్థంకానట్టు చూడలేదు. అడ్డంగా ఏదైనా ఉంటే పక్కకి జరిపే అలవాటు దానికి. అలాగే ముఖం మీది జుట్టు పక్కకి తోసుకుంది.

"ఎందుకు?"

కారణాలు చాలా ఉన్నాయనుకున్నాను. కొళాయి కింద వాటిని వరసగా అనుకున్నాను కూడా. ఒక్కటీ పెదాల మీదికి రాలేదు.

"భయం" అన్నాను.

"నీకెప్పుడూ భయమే అక్కా."

"ఈసారి నిజం."

"అప్పుడూ నిజమే" అంది. "నేనేం అబద్ధమన్నానా? అయినా ఆగాను కదా. ఒకసారి ఆగాను."

నేను చేతులు జోడించలేదు. ఏడవలేదు. ముఖం అలాగే పెట్టి చూస్తున్నాను.

"వెళ్తాను అక్కా" అంది. ఒక్కో అక్షరం విడివిడిగా, కొత్తగా పనిలో చేరిన వాళ్లకి నేర్పేటప్పుడు అనేవాళ్లం చూడండి, అలా. తర్వాత ముఖం వేదిక వైపు తిప్పుకుంది.

అయిపోయింది. లెక్క ప్రకారం ఎవరూ ఏమీ అననట్టే. నేను ఒళ్లో సంచి సర్దుకుని, జిప్పు పెట్టుకుని, తెర వైపు చూశాను.

ఆ పాట అయ్యాక జనం ఎంతకీ ఆగకుండా అరుస్తున్నారు. గిటారు మనిషి పాడే అతని దగ్గరికి వచ్చి, "తర్వాత ఏది?" అన్నాడు. అతను అప్పటికి ఎత్తుపీట మీద కూలబడి ఉన్నాడు. "నాకేం తెలుసు, ఆ పాటల కాగితం మీదే కూర్చున్నాను" అన్నాడు. మైకు దూరంగా ఉంది. ఎవరికీ వినపడలేదు.

చెల్లెలు పక్కున నవ్వింది. అదే క్షణాన ఫిట్టర్ తొడ చరుచుకుని నవ్వాడు. చెల్లెలు చెబితే విని నవ్వలేదు. దానితో పాటే నవ్వాడు.

నా ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు. ముప్పై ఏళ్లు ఆయన మా మగ్గాల కింద దూరి, తల వంచుకుని బోల్టులు బిగించిన మనిషి. ఫిట్టర్లకు పెదాల మాట రాదనే అనుకున్నాం. వాళ్లెప్పుడూ కిందికే చూస్తారు కదా. ఆయన ఎదురుగానే ఆయన చొక్కా గురించి, నడక గురించి ఎన్ని అనుకున్నామో. ముప్పై ఆరేళ్ల కిందటి ఆ రోజు తర్వాత నేను చెల్లెలికి ఆయన తలమీదుగా ఎన్నిసార్లు చెప్పానో. ఆ మనిషి నీకు సరిపోడు. ఆ మనిషికి ఇల్లు లేదు. ఆ మనిషి చేతుల గ్రీసు ఏ సబ్బుకీ పోదు. అదంతా చూస్తూ పానా తిప్పాడన్నమాట. ఇందాక పోకు అన్న మాట కూడా చూశాడు.

సిగ్గు రావలసింది. అది కూడా రాలేదు. చేతులు చల్లబడ్డాయి, స్వెటరు తీసి వేసుకున్నాను.

ఆ తర్వాత వాళ్లు ఇంకా తొమ్మిది పాటలు పాడారట. నాకు గుర్తున్నది చివర్లో ఐదుగురూ భుజాల మీద చేతులు వేసుకుని వంగి, మళ్లీ నిటారుగా లేవడానికి ఒకరినొకరు పట్టుకోవడం మాత్రమే.

ఐదున్నరకి బయటపడ్డాం. ఎండ ఇంకా ఉంది. బస్సు ఆగే చోట చెల్లెలు "నా పని చూసుకుని వస్తా" అంటూ ఆడవాళ్ల మరుగుదొడ్డి వైపు వెళ్లింది. ఫిట్టర్, నేను మిగిలాం. ఆయన బస్సుల నంబర్ల బోర్డు చదువుతున్నట్టు నిలబడ్డాడు.

"వదినగారూ" అన్నాడు బోర్డు వైపే చూస్తూ. "నేను చూశాను."

"అది శబ్దంలో అన్న మాట" అన్నాను. "దానికో కట్టుబాటుంది."

"ఉంది. అది మీ నేతవాళ్లకి. నేను ఫిట్టర్నండీ. మగ్గం ఆగాకే నా పని."

"పెదాల మాట అప్పటి నుంచీ వచ్చా మీకు?" అన్నాను.

"చేరిన రెండో ఏడు నుంచి. పడుకుని పైకి చూస్తే మీ ముఖాలే కదా కనపడేది." వేళ్లతో లేని పానా తిప్పుతున్నాడు. "గ్రీసు సంగతి మీరన్నది నిజమే. పోలేదు."

"అవన్నీ మనసులో పెట్టుకుని వదినగారూ అంటున్నారా?"

"పెట్టుకుంటే అనలేను." ఇప్పుడు నావైపు తిరిగాడు. "ఒక మాట చెప్తాను, వినండి. లోపల తను వెళ్తానంది. కానీ ముఖం తిప్పుకున్నాక తన కళ్లు మీకు కనపడలేదు, నాకు కనపడ్డాయి. ఇప్పుడు మీరు గొంతు విప్పి అడిగితే ఆగిపోతుంది. అడగాలనుంటే ఇవాళే అడగండి. సంతకాలయ్యాక అడిగితే ముగ్గురం చెడతాం."

"నేను అడిగితే మీరేం చేస్తారు?"

"ఇంటికెళ్లి అన్నం వండుకుంటాను" అన్నాడు. నవ్వుతూ అనలేదు, బాధపడుతూనూ అనలేదు.

చెల్లెలు చేతుల తడి విదుల్చుకుంటూ వచ్చింది. "ఆ లైను చూడాలి మీరు! ముసలి బ్యాండుకి ముసలాళ్లే వస్తారు, అందరికీ ఒక్కసారే తొందర. ఒకావిడ నన్ను తోసుకుని వెళ్లి, నా వయసెంతో తెలుసా అంటుంది. నీ వయసు నాకెందుకమ్మా, నా అవసరం నాది అన్నాను." మా ఇద్దరి ముఖాలూ చూసి ఆగింది. "ఏంటి, ఇద్దరూ బిగుసుకుపోయారు?"

ఫిట్టర్ మళ్లీ బోర్డు వైపు తిరిగాడు. చెల్లెలు నావైపు తిరిగింది. నుదుటి మీద చెమట, దాని కింద ఆ కళ్లు. ఫిట్టర్ చెప్పింది నిజమే. ఎర్రగా ఉన్నాయి. అడిగితే ఆగే కళ్లే. నోరు తెరిస్తే చాలు. తెరిచాను.

"సాక్షి సంతకం ఎవరు పెడుతున్నారు?" అన్నాను.

నా గొంతే. ఎవరో పక్క గదిలోంచి మాట్లాడినట్టు వినపడింది.

"ఫిట్టర్ తరపున వాళ్ల మేనకోడలు. మన తరపున..." చెల్లెలు బోర్డు వైపు, రోడ్డు వైపు చూసింది. "కింది ఇంటావిడని అడుగుదామనుకున్నా. నిన్ను ఎలా అడగను?"

"ఆవిడెందుకు మధ్యలో? నేను పెడతాను."

ఫిట్టర్ జేబులోంచి రుమాలు తీసి, ముఖం తుడుచుకోకుండానే మళ్లీ పెట్టుకున్నాడు.

"గుర్తింపు కార్డు కావాలి" అంది చెల్లెలు చివరికి. "నీది ఎక్కడ పెట్టావో ఏమో."

"బీరువాలో, దుప్పట్ల కింద."

"కార్డు దుప్పట్ల కింద పెడతారా ఎవరైనా?"

"దొంగలొస్తే?"

"నీ కార్డు తీసుకెళ్లి దొంగలేం చేసుకుంటారు అక్కా, నీ బదులు భయపడతారా?"

ఫిట్టర్ నవ్వాడు. నేనూ నవ్వాననే అనుకుంటాను.

బస్సు వచ్చింది. ఎక్కాక చూస్తే ఇద్దరు పట్టే సీటొకటి, ఒంటి సీటొకటి ఖాళీగా ఉన్నాయి. చెల్లెలు ఇద్దరి సీటు దగ్గర ఆగి, నన్ను ముందు కూర్చోమని చెయ్యి చూపించింది. నేను దాన్ని దాటి వెళ్లి ఒంటి సీటులో కూర్చున్నాను. కార్డు దుప్పట్ల కిందే ఉందా, పాత సంచిలోకి మార్చానా అని ఇల్లు చేరేదాకా ఆలోచించాను.